దాచిన అప్పు – పోయిన నమ్మకము

అమెరికా దేశపు సైన్యములో రహస్య పత్రములు చూడవలసిన ప్రతివారికి ప్రభుత్వము ఒక అనుమతి ఇస్తుంది. దానిని సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని అందులో మూడు స్థాయిలున్నవి. ఆ అనుమతి పోతే చాలామందికి ఆ ఉద్యోగమే పోతుంది.

అది ఎవరికి పోతుంది? శత్రువులకు రహస్యములు అమ్మినవారికే అని మనమనుకుంటాము. అయితే 2017 నుండి అమలులోనున్న నియమావళిలో పరిశీలించవలసిన అంశములు 13 ఉన్నవి. దేశము పట్ల విశ్వాసము, విదేశీయులతో సంబంధములు అందులో ఉన్నవి. వాటితోపాటు అప్పులు, త్రాగుడు, మత్తుమందులు, లైంగిక ప్రవర్తన, నేరములు, అబద్ధములాడుట కూడ ఉన్నవి. అనుమతి పోగొట్టుకొనుటకు తరచుగా కనబడే కారణములలో అప్పులు ముఖ్యమైనవి.

ఒకని ఇంటి అప్పుతో ప్రభుత్వమునకేమి పని? అప్పులలో మునిగినవానిని డబ్బుతో కొనవచ్చును. ఆల్డ్రిచ్ ఏమ్స్ సైనికుడు కాదు, అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. ఉద్యోగి. విడాకుల వ్యవహారములో అప్పులపాలై, 1985లో సోవియట్ వారికి రహస్యములు అమ్మనారంభించాడు. అతడు చెప్పిన పేర్ల వలన కొందరు ప్రాణములు కోల్పోయారు. 1994లో పట్టుబడి యావజ్జీవ శిక్ష పొందాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అప్పున్నంత మాత్రాన అనుమతి పోదు. జబ్బు వలననో, ఉద్యోగము పోవుట వలననో అప్పు చేసి, దానిని క్రమముగా తీర్చుచున్నవానిని ఆ నియమములు కనికరముతో చూస్తాయి. త్రాగుడు మానుటకు చికిత్స పొందినవానికీ అవకాశమున్నది. మనోవేదనతో సలహాదారుని యొద్దకు వెళ్లుట ఒక్కటే కారణముగా ఎవరినీ తప్పు పట్టరాదు. కాని దరఖాస్తులో తెలిసి తెలిసి అబద్ధము వ్రాయుట ఘోరమైన తప్పు. భార్యకు కూడ తెలియని రహస్యమున్నవానిని ఎవడైనను బెదిరించి లొంగదీసుకొనగలడు గదా!

మన పల్లెలలో టాప్ సీక్రెట్ పత్రములు లేవు. గాని ఇంటివారికి తెలియని ప్రామిసరీ నోట్లున్నవి. భార్యకు చెప్పక తాకట్టు పెట్టిన పుస్తెల గొలుసులున్నవి. ఎరువుల దుకాణములో పెరుగుచున్న బాకీలున్నవి. వడ్డీకిచ్చినవాడు గుమ్మములో నిలిచిన రోజుననే భార్యాపిల్లలకు సంగతి తెలుస్తుంది. అప్పు కంటె, ఇన్నాళ్లు దాచిన మాటే ఆమె హృదయమును ఎక్కువగా గాయపరుస్తుంది. కొన్ని ఇండ్లలో ఆ అవమానము భరించలేక పురుగుల మందు డబ్బా వైపు చేయి చాచినవారున్నారు.

దానియేలు మీద నేరము మోపుటకు శత్రువులు వెదకినప్పుడు అతని పనిలో ఏ తప్పు దొరకలేదు. దాచినది లేనివానికి భయము లేదు.

సహోదరుడా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత నీ భార్యను కూర్చుండబెట్టి, ఎవరికెంత బాకీ ఉన్నదో కాగితము మీద వ్రాసి చూపించు. సహోదరీ, ఆ కాగితము చూచి కేకలు వేయక, ఏది ముందు తీర్చవలెనో ఇద్దరును కలిసి ఆలోచించండి. ప్రభువు మన కుటుంబములకు వెలుగులో నడచు కృప దయచేయును గాక!