చిన్న బడులు - నూటికింత యను లెక్క

పదవ తరగతి ఫలితములు వెలువడిన మఱునాఁడు ఏ బడి యెక్కువ, ఏ బడి తక్కువ యను చర్చ మనకు ఏఁటేఁట నొక తిరునాళ్ల యైపోయినది. 2024లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున నూటికి 86.69 మంది యుత్తీర్ణులైరి. 2,803 బడులలో అందఱును నెగ్గిరి. 17 బడులలో ఒక్కరును నెగ్గలేదు. ఈ రెండు జాబితాలను చదివి కొందఱిని మెచ్చుకొందుము, కొందఱిని దూషింతుము. ఆ బడులలో పరీక్షకుఁ గూర్చున్నవా రెందఱు, వారెవరి బిడ్డలు అని యడుగువారు మాత్రము అరుదు.

రెండువందల మంది వ్రాసిన బడిలో ఒక పిల్లవాఁడు తప్పినచో నూటికి అర వంతు తగ్గును. ఎనమండుగురు వ్రాసిన బడిలో ఒక బాలిక పరీక్షల నాఁటికి జ్వరముతో మంచము పట్టినచో నూటికి 12.5 తగ్గును. మఱుసటి యేఁడు ఎనమండుగురును నెగ్గిరేని ఆ బడియే నూటికి నూఱు వచ్చిన బడి యగును. ఉపాధ్యాయులు వారే, బోధనయు నదియే. కావుననే చిన్న బడులు జాబితా తలయందును కనఁబడును, అడుగునను కనఁబడును. ఇందు వింత లేదు. అంత చిన్న సంఖ్యపై కట్టిన లెక్కను చూపి ఉపాధ్యాయుని సంజాయిషీ యడుగుటయే వింత.

ప్రాథమిక పాఠశాలల స్థితి యింతకంటె కష్టతరము. ఉదయము ఎనిమిది గంటలకు ఏ పల్లె మొగదలనైన నిలిచి చూడుఁడు. పట్టణపు ప్రైవేటు బడి వారి పసుపుపచ్చ బస్సు వచ్చి, రుసుము చెల్లింపఁగల యిండ్ల పిల్లలను ఎక్కించుకొని పోవును. ఒకే యింట కొడుకు బస్సెక్కుటయు, కూఁతురు ఊరి సర్కారు బడికి నడచుటయు మన మెఱుఁగని దృశ్యము కాదు. ఆ బస్సు వెళ్లిపోయిన పిదప మిగులువారు కూలివారి బిడ్డలు, దళితవాడల బిడ్డలు, తండాల బిడ్డలు. కర్నూలు జిల్లా పడమటి మండలములైన కోసిగి ప్రాంతమునుండి కుటుంబములు మిరప, ప్రత్తి కోఁతలకై గుంటూరు, పల్నాడు సీమలకు వలసపోవునప్పుడు పిల్లలును వెంటఁబోవుదురు. తిరిగివచ్చునప్పటికి పాఠములు సగము గడచియుండును. మన్యమున సవర, కువి, కోయ భాషలు మాటలాడు ఇండ్లనుండి వచ్చిన పిల్లకు బడిలో వినఁబడు తెలుఁగే పరభాష. దానిపై ఇంగ్లీషు పుస్తకము మఱియొక బరువు. ఇట్టి పిల్ల అక్షరము నేర్చుకొని వాక్యము చదువఁగలిగినచో, ఇంట చదివించువారు గల పిల్ల తెచ్చుకొను మార్కులకంటె అది తక్కువ విద్య యందుమా? మన పట్టికలు మాత్రము అట్లే యనుచున్నవి.

పిల్లల రాకపోకలు బోధనను బట్టియే జరుగుననుటయు పొరపాటే. అసర్ నివేదికల ప్రకారము దేశమునందలి గ్రామములలో ఆఱు మొదలు పదునాలుగేండ్ల వారిలో ప్రభుత్వ బడులలో నున్నవారు 2018లో నూటికి 65.6, 2022లో 72.9, 2024లో మరల 66.8. కోవిడ్ కాలమున ఆదాయములు పడిపోయి, చిన్న ప్రైవేటు బడులు మూఁతపడఁగా వచ్చినవారు, చేతిలో నాలుగు డబ్బులాడఁగనే మరలిపోయిరి. మన రాష్ట్రమున 2020లో మొదలైన అమ్మఒడి గాని, 2025లో వచ్చిన తల్లికి వందనము గాని ప్రైవేటు బడి పిల్లల తల్లులకును వర్తించునవే. ఆ సొమ్ము బస్సు రుసుముగ మాఱుట సహజము. అందుకు తల్లులను నిందింపఁబనిలేదు.

ఇఁక బోధించువారి సంగతి. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము అఱువది మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దఱు ఉపాధ్యాయు లుండవలెనని విధించుచున్నది. అయినను ఏకోపాధ్యాయ పాఠశాలలు మనకు కొఱఁత లేదు. ఒకటవ తరగతికి అక్షరములు దిద్దించుచుండఁగా అయిదవ తరగతి భిన్నములు ఆఁగును. ఈ నడుమనే మధ్యాహ్న భోజనపు లెక్క, గ్రుడ్ల లెక్క, సెల్‌ఫోనులో హాజరు. ఆయన సెలవు పెట్టిన దినమున పొరుగు బడినుండి మఱియొకరు రావలెను, లేనిచో తాళము. తాళము చూచిన తండ్రి మఱుసటి యేఁడు పిల్లను బస్సెక్కించును. సంఖ్య తగ్గినదని రెండవ ఉపాధ్యాయుని పంపరు.

2022లో 117వ సంఖ్యగల ప్రభుత్వోత్తర్వు 3, 4, 5 తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకుఁ దరలింపఁగా, ఎన్నో యూళ్ల బడులు రెండు తరగతులతో మిగిలినవి. 2025లో ఆ యుత్తర్వును ఉపసంహరించి, తరగతి కొక ఉపాధ్యాయుఁడు గల ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను నెలకొల్పిరి. మేలే. కాని యందును పిల్లల సంఖ్య గల యూరికే ఆ భాగ్యము. ఒకే వీథిలో రెండు బడులున్నచోఁ గలుపుట తప్పని మేమనము.

పిల్లలు తక్కువ, ఖర్చెక్కువ యను వాదము క్రొత్తది కాదు. 1911లో గోఖలే మహాశయుఁడు నిర్బంధ ప్రాథమిక విద్యకై చిత్తుచట్టము తెచ్చినప్పుడును వ్యయము మోయఁజాలమనియే పలికిరి. 1912లో 13 వోట్లకు 38 వోట్లతో దానిని వీఁగఁగొట్టిరి. రాజ్యాంగపు 45వ అధికరణము పెట్టిన పదేండ్ల గడువు 1960తో ముగిసెను. విద్య ప్రాథమిక హక్కగుటకు 2002లో 86వ సవరణ రావలసివచ్చెను. చిన్న బడిలో తలకగు వ్యయ మెక్కువే, కాదనము. ఆఱేండ్ల పిల్ల వాఁగు దాఁటి పొరుగూరికి నడువలేక బడి మానినచో ఆ నష్టము ఏ పద్దులో వ్రాయుదురు?

బోధన ఫలించుననుటకు నిదర్శనము లేకపోలేదు. ప్రభుత్వ బడులలో మూఁడవ తరగతి వారిలో రెండవ తరగతి పాఠము చదువఁగలవారు 2022లో నూటికి 16.3 ఉండఁగా 2024లో 23.4 అయిరని అసర్ చెప్పుచున్నది. పెరిగినది నిజము, నూటికి డెబ్బదియాఱుగురు చదువలేకుండుటయు నిజము. కావున ఫలితముల పట్టికలో నూటికింత యను అంకె ప్రక్కన పరీక్ష వ్రాసినవారి సంఖ్య, ఉపాధ్యాయుల సంఖ్య, ఏఁటిలో బడికి తాళము పడిన దినములు, నడిమి నెలలలో వలసపోయిన పిల్లల సంఖ్య ముద్రింపవలెను. ఇవన్నియు బడి రిజిస్టర్లలో నున్నవే. చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూఁడు వంతులు తలిదండ్రులే, సగము మంది స్త్రీలే. జూను మాసమున బడులు తెఱచినపుడు జరుగు మొదటి సమావేశమున ఆ రిజిస్టర్లను బల్లమీఁదఁ బెట్టించి చదివించుకొనుటకు వారికి హక్కు గలదు.