పోపు గరిటెలో పన్ను

2024 దసరాకి ముందు నూనె రేటు ఒక్కసారిగా పెరగడం మనలో చాలామందికి గుర్తే. "పైనుంచే పెంచారమ్మా" అన్నాడు మా వీధి కొట్టతను. ఆ 'పైన' ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది నాకు.

మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాలదే. పామాయిల్ ఇండొనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, సన్‌ఫ్లవర్ నూనె రష్యా, ఉక్రెయిన్ల నుంచి ఓడల్లో వస్తుంది. రేవులో దిగగానే దానిపై దిగుమతి సుంకం పడుతుంది. 2024 సెప్టెంబరు 14 నుంచి ముడి నూనెపై ఈ సుంకం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. అంటే రేవుకి వంద రూపాయలకి చేరిన నూనెపై మరో ఇరవై రెండు రూపాయల భారం!

"వేరుశనగ నూనె ఇక్కడిదే కదక్కా, దాని రేటెందుకు పెరగాలి?" అంది మా చెల్లెలు. చవక నూనె ప్రియమైతే కొందరు ఇటు మళ్లుతారు. గిరాకీ పెరిగితే దీని ధరా కదులుతుంది.

మరి సుంకం ఎందుకు? రైతు కోసం. ఆ ఏడు సోయాకు మద్దతు ధర క్వింటాలుకి 4,892 రూపాయలు. మార్కెట్లో అంత కూడా పలకలేదు. మన పశ్చిమ గోదావరి, ఖమ్మం ప్రాంతాల్లో ఆయిల్‌పామ్ గెలల రేటు కూడా ముడి పామాయిల్ ధరని బట్టే ఉంటుంది. 1994లో 65 శాతం సుంకంతో పామోలిన్ దిగుమతికి తలుపులు తీశారు. 1998 నాటికి సుంకం 15 శాతానికి దిగింది. నూనె చవకగా వచ్చింది కానీ, మన నూనెగింజల రైతు ఆ ధరతో పోటీపడలేకపోయాడు.

2025 మే నెలాఖరులో ముడి నూనె సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించి, శుద్ధి చేసిన నూనెపై 35.75 శాతం అలాగే ఉంచారు. ముడి నూనె తెచ్చి ఇక్కడే శుద్ధి చేస్తే లాభం కాబట్టి కాకినాడ, కృష్ణపట్నం వంటి చోట్ల ఉన్న రిఫైనరీలకు పని దొరుకుతుంది.

ఇంతవరకూ సబబే. కానీ 2024లో పాత సుంకంతో తెచ్చిన నూనె దాదాపు 30 లక్షల టన్నులు దేశంలో ఉందని, అది అయ్యేదాకా ధర పెంచొద్దని కేంద్రమే కంపెనీలను కోరింది. మన వీధిలో మాత్రం ఆ నెలలోనే పెరిగింది. పెంచేటప్పుడు లేని 'పాత స్టాకు' తగ్గించేటప్పుడే ఎందుకు గుర్తొస్తుంది?

సుంకం తగ్గిందన్న వార్త చూస్తే కొట్లో అడగండి. ప్యాకెట్టు మీద గ్రాములూ చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములుండాలి. రైతుకి చేరే రూపాయి ఇవ్వడానికి మనకి బాధ లేదు. మధ్యలో ఆగిపోయే రూపాయికే లెక్క అడగాలి.