సెరొటోనిన్ గ్రాహకములు - నాడీకణముల ఆకృతి

మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవని 2009లో ప్రకటితమైన గణన తెలుపుచున్నది. ఇవి ఇటుకలవలె ఒక్క మూసలో పోసినవి కావు. కొన్ని మఱ్ఱిచెట్టువలె శాఖోపశాఖలుగా విస్తరించినవి. కొన్ని తాటిచెట్టువలె నిడుపుగా పెరిగి కొనయందు మాత్రమే గుబురు కట్టినవి. ఏ కణము ఎంత దూరము కొమ్మలు చాచునో, ఏ కణముతో చేయి కలుపునో, దానినిబట్టియే అది చేయు పని నిర్ణయింపబడును. కావున నాడీకణమునకు ఆకృతి అలంకారము కాదు. అదియే దాని వృత్తికి ఆధారము.

ఈ ఆకృతిని తీర్చిదిద్దు కారణములలో సెరొటోనిన్ అను రసాయనమును, దానిని అందుకొను గ్రాహకములును ముఖ్యమైనవి. సెరొటోనిన్‌కు లోకమున "సంతోషరసము" అను పేరు వ్యాపించియున్నది. అది చేయు పనులలో పావువంతునైనను ఆ పేరు తెలుపజాలదు.

కణము - దాని కొమ్మలు

1873లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు కమిల్లో గాల్జీ వెండి లవణములతో నాడీకణములకు నల్లని రంగు ఎక్కించు పద్ధతిని కనిపెట్టెను. స్పెయిన్ దేశీయుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్ ఆ పద్ధతిని మెఱుగుపఱచి, కణముల కొమ్మలపై ముండ్లవంటి చిన్న బొడిపెలు ఉన్నవని 1888లో తెలిపెను. వీరిరువురును 1906లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

నాడీకణమునకు దేహము గాక రెండు విధములైన అంగములు కలవు. వార్తలను అందుకొను కొమ్మలు డెండ్రైట్లు. వార్తను మోసికొనిపోవు పొడవైన తీగ ఆక్సాన్. ఇతర భాషల పాఠ్యగ్రంథములలో విజ్ఞానము చదువుకొను తెలుగు విద్యార్థులకు పరిచితములగుటచే ఇట్టి పేర్లు యథాతథముగ వాడబడినవి. పెరుగుచున్న ఆక్సాన్ కొనయందు చేతివ్రేళ్ళవలె కదలుచు త్రోవ వెదకికొను మొన యొకటి ఉండును. దీనిని వృద్ధిశంకువు అందురు. డెండ్రైటుపై ఉండు ప్రతి బొడిపెయు సాధారణముగ ఒక సంధికి స్థానము. పొరుగు కణము పలుకు పలుకు అచ్చటనే వినబడును. బొడిపెలు పెరిగినచో వినికిడి పెరుగును, తఱిగినచో తఱుగును.

సెరొటోనిన్ చరిత్ర

1930 తరువాతి దశకమున ఇటలీలో విట్టోరియో ఎర్‌స్పామర్ ప్రేగుల గోడలనుండి కండరములను ముడుచుకొనజేయు పదార్థము నొకదానిని గుర్తించి, ఎంటెరమీన్ అని పేరిడెను. 1948లో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరమున రాపోర్ట్, గ్రీన్, పేజ్ అను మువ్వురు రక్తరసమునుండి రక్తనాళములను బిగియజేయు పదార్థమును వేఱుచేసి, సెరొటోనిన్ అనిరి. ఈ రెండును ఒక్కటియేయని 1952లో తేలినది. మఱుసటి సంవత్సరము బెట్టీ ట్వారోగ్, పేజ్ అనువారు క్షీరదముల మెదడునందును ఇది కలదని నిరూపించిరి.

దేహమందలి సెరొటోనిన్‌లో అత్యధికభాగము నేటికిని ప్రేగులదే. మెదడు తన భాగమును ఆహారమునుండి వచ్చు ట్రిప్టోఫాన్‌తో తానే తయారుచేసికొనును. దానిని చేయు కణములు మెదడు కాండమున నడిమిగీత వెంబడి ఉన్నవి. మొత్తము కొన్ని లక్షలకు మించవు. అయినను వాని తీగలు మెదడంతటను వ్యాపించి, కోట్లాది కణములకు సెరొటోనిన్‌ను అందించుచున్నవి.

ఒకే పదము, పెక్కు అర్థములు

"హరి" యను శబ్దమునకు విష్ణువు, సింహము, కోతి, గుఱ్ఱము మున్నగు అర్థములు కలవు. ఏది గ్రాహ్యమో సందర్భమే చెప్పును గాని శబ్దము చెప్పదు. సెరొటోనిన్ స్థితియు నట్టిదే. కణముపై నున్న గ్రాహకమే దానికి అర్థము చెప్పును.

సెరొటోనిన్ గ్రాహకములు ఏడు తెగలు. క్షీరదములలో సుమారు పదునాలుగు రకములు. మూడవ తెగ మాత్రము విద్యుదావేశముగల అణువులకు తెఱచుకొను ద్వారము. క్షణములో తెఱచి మూయును. తక్కిన ఆఱు తెగలును జి-మాంసకృత్తులు అను మధ్యవర్తులద్వారా కణము లోపలికి వార్త పంపును. ఆకృతిని మార్చు పనిలో హెచ్చుభాగము ఈ మధ్యవర్తుల మూలముననే జరుగును.

ఆకృతి మారు విధము

కణము లోపల ఆక్టిన్ పోగులతోను, సూక్ష్మనాళికలతోను అల్లిన పంజరము కలదు. పందిరి వెదురులవలె ఇది ఒకసారి పాతి విడిచినది కాదు; ఒకప్రక్క కట్టబడుచు, ఒకప్రక్క విప్పబడుచుండును. ఈ పనిని నడపు మేస్త్రీలవంటి మాంసకృత్తులు కొన్ని కలవు. వానిలో సిడిసి-42 సాధారణముగ పోగులను ముందునకు సాగించి క్రొత్త వ్రేళ్ళను మొలిపించును. రో-ఏ పోగులను బిగించి కొమ్మలను లోనికి లాగును. ఏ గ్రాహకము ఏ మేస్త్రీని మేల్కొల్పునో, దానినిబట్టి కొమ్మ సాగుటయో ముడుచుకొనుటయో సంభవించును.

ఇందులకు ప్రయోగశాలల సాక్ష్యము కలదు. నాడీకణములనుపోలిన పెంపకపు కణములలో 4వ గ్రాహకము రో-ఏను మేల్కొల్పగా కొమ్మలు ముడుచుకొని కణము గుండ్రనయ్యెనని 2002లో ప్రకటింపబడినది. 2005లో ఎలుకపిల్లల కణములందు 7వ గ్రాహకమును ప్రేరేపింపగా కొమ్మలు పొడవైనవి. రసాయన మొక్కటియే, ఫలములు పరస్పర విరుద్ధములు.

అంతకు పూర్వమే, 1984లో, హెలిసోమా అను మంచినీటి నత్తపై హేడన్, మెకాబ్, కేటర్ అనువారు చేసిన ప్రయోగము ప్రసిద్ధము. సెరొటోనిన్ తగిలినంతనే ఆ నత్త కణములలో ఒక రకపు వృద్ధిశంకువులు కదలిక మాని నిలిచిపోయినవి. ప్రక్కనున్న వేఱొక రకపు కణములు లెక్కచేయక పెరుగుచుండెను.

ఎలుక మీసములకు మెదడులో ఒక పటము కలదు. ఒక్కొక్క మీసమునకు ఒక్కొక్క గడి. సెరొటోనిన్‌ను విఱుగగొట్టు ఎంజైమ్ లేక పుట్టిన చిట్టెలుకలలో ఆ రసాయనము మితిమీరి ఈ గడులు ఏర్పడలేదని 1990 తరువాతి దశకమున కనుగొనిరి. అట్టి చిట్టెలుకలలోనే 1బి గ్రాహకమును కూడ తొలగింపగా గడులు తిరిగి ఏర్పడెనని 2001లో తేలినది. తప్పు రసాయనపు హెచ్చుదలదే యైనను, ఆ తప్పు ఒక్క గ్రాహకము ద్వారముననే లోపలికి చొచ్చినదన్నమాట.

వయస్సు కూడ లెక్కకు వచ్చును. 7వ గ్రాహకము లేతవయస్సు ఎలుకలలో కొమ్మలను, బొడిపెలను పెంచుననియు, పెద్దవానిలో ఆ శక్తి మిక్కిలి తగ్గిపోవుననియు 2012లో చూపబడినది.

2ఏ గ్రాహకము

ఇటీవల ఎక్కువగ వినవచ్చుచున్నది 2ఏ గ్రాహకము పేరు. కొన్ని పుట్టగొడుగులలోని సైలోసైబిన్ దేహములో మార్పుచెంది దీనిపై పనిచేయును. ఒక్క మోతాదుతో చిట్టెలుకల మెదడు ముందుభాగమున బొడిపెల సంఖ్యయు పరిమాణమును సుమారు నూటికి పది వంతున పెరిగి, నెలవఱకు కొంత నిలిచెనని 2021లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. ఇట్టి పెరుగుదలకు కణము పైనున్న గ్రాహకములకంటె లోపలనున్నవే కారణమని 2023లో మఱియొక పరిశోధన సూచించినది. సెరొటోనిన్ తనంత తాను కణపుపొరను సులభముగ దాటజాలదు. దానిని లోనికి చేర్చు వాహకమును అమర్చినపుడు మాత్రము అదియు బొడిపెలను పెంచెను. అనగా గ్రాహక మెయ్యది అనుటయే కాక, అది యెచ్చట నున్నది అనుటయు ముఖ్యము.

ఈ వార్తలను చదివి స్వయముగ ప్రయోగములు చేయబూనుట ప్రమాదకరము. సైలోసైబిన్ భారతదేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు లోబడినది. చిత్తచాంచల్యము గలవారికి అది తీవ్రహాని చేయవచ్చును. చిట్టెలుక మెదడులో బొడిపె పెరుగుట వేఱు, మనుష్యుని వ్యాధి నయమగుట వేఱు.

ప్రయోజనము

మనోవ్యాకులతకు వైద్యులు ఇచ్చు మందులలో కొన్ని సెరొటోనిన్‌ను సంధులలో ఎక్కువసేపు నిలుపును. ఆ మార్పు గంటలలో జరుగును. ఉపశమనము మాత్రము సాధారణముగ వారముల మీద గాని కానరాదు. రసాయనము తక్కువగుటయే వ్యాధి యనుచో ఈ ఆలస్యమునకు అర్థము లేదు. నాడీకణములు తమ కొమ్మలను, సంధులను మెల్లమెల్లగ సవరించుకొనుట ఈ ఆలస్యమునకు ఒక కారణమై యుండునని పెక్కు పరిశోధకుల అభిప్రాయము. ఇది పూర్తిగ నిరూపితము కాలేదు. అయినను దీని ఆచరణాత్మక విలువ గొప్పది. వారము దినములకే "గుణము లేదు" అని మందు మానివేయుటయు, కొంచెము కుదుటపడగనే వైద్యుని అడుగక విడుచుటయు మన కుటుంబములలో తఱచు జరుగు పొరపాట్లు. కొమ్మ చిగుర్చుటకు కొంతకాలము పట్టునని తెలిసినవారు ఓపిక పట్టగలరు.

మఱియొక అపోహయు దీనివలన తొలగవలెను. మనోవ్యాధిని మనోబలములేమి యని నిందించుట, పెండ్లిసంబంధములు చెడునను భయముతో దాచుట, ఇండ్లలో నేటికిని కలదు. మనస్సునకు ఆధారమైన మెదడు సజీవమైన కణజాలము. దానికి ఆకృతి కలదు, ఆ ఆకృతికి మార్పు కలదు, మార్పునకు కారణములు కలవు. విఱిగిన ఎముకను దాచనివారు దీనిని దాచవలసిన పనిలేదు. నాడీకణము ఒకసారి చెక్కిన శిల్పము కాక, ఎడతెగక తీర్చబడుచుండు రూపమని గ్రహించుటయే ఈ పరిశోధనలవలన సామాన్యునకు కలుగు ముఖ్యఫలము.