గుర్రాన్ని డీబగ్ చేయడం ఎలా?

టెక్నాలజీ శీర్షికలో గుర్రం కథేమిటని మీకు అనుమానం వస్తే తప్పులేదు. నాకు తెలిసిన విద్యల్లా కోడ్‌లో తప్పులు వెతకడం. గుర్రాన్ని దగ్గరగా చూసింది చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపులో, అంతే. అయినా పదేళ్ళ కన్సల్టింగ్‌లో సరిగ్గా ఒంటబట్టని పాఠం ఒకటి ఒమన్ దేశంలోని ఇబ్రిలో, ఒక గుర్రపుశాలలో నేర్చుకున్నాను.

ఇబ్రి మస్కట్‌కి కారులో మూడు గంటల దూరం. పాత కోట, ఖర్జూరపు తోటలు, వాటిని దాటితే ఎడారి. ఆరు నెలల కాంట్రాక్టు మీద వెళ్ళాను. అలాంటి చోట తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది కదా! బజారులో అలాగే పరిచయమయ్యాడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. ఊరి బయట ఒక తోటలో రెండు గుర్రాలనీ, కొన్ని ఒంటెలనీ చూసుకునే పని. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. వద్దన్నా మానలేదు.

ఒక శుక్రవారం ఆయన గదికి టీకి వెళ్తే మనిషి డీలా పడి ఉన్నాడు.

"అర్బాబు నా మీదనే అనుమానపడుతుండు సారూ. దాణా అమ్ముకుంటున్ననంట. గుర్రం గిట్లనే బక్కగైతే ఇంటికి తోలిస్తనంటుండు."

వీసా కోసం చేసిన అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. యజమాని బాధా అర్థం చేసుకోదగ్గదే. ఒమన్‌లో గుర్రాలూ ఒంటెలతో చేసే అర్ధా అనే సంప్రదాయ ప్రదర్శనను యునెస్కో 2018లో తన జాబితాలో చేర్చింది. అందులో నిలబెట్టాలని ముద్దుగా పెంచుకుంటున్న గుర్రం కళ్ళముందే ఎముకలు తేలుతోంది. సర్వర్ పడిపోతే మనమూ ముందు అడిగే ప్రశ్న "ఎవడు ముట్టుకున్నాడు?" అనే కదా.

ఆయన్ని కలిసి ఒక నెల గడువు అడిగాను. ఏ ధైర్యంతో అడిగానో ఇప్పటికీ తెలియదు.

ముందు కొలత

గుర్రాన్ని తూచే కాటా ఎక్కడ దొరుకుతుంది? అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతని దానితోనే గుణించి, దాన్ని ఒంటి పొడవుతో (భుజం కొన నుంచి పిరుదు ఎముక దాకా) గుణించి, 11,880తో భాగించాలి. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే జవాబు కిలోల్లో వస్తుంది. కచ్చితమైన బరువు కాదు గానీ, వారం వారం తేడా తెలుసుకోవడానికి ఇది చాలు. మా గుర్రం చుట్టుకొలత 162, పొడవు 158. అంటే 349 కిలోలు.

ఇక మేత. గుర్రానికి రోజుకి దాని బరువులో సుమారు రెండు శాతం ఎండుమేత కావాలి. అంటే దీనికి ఏడు కిలోలు. ఊరికి వెళ్ళేటప్పుడు పచ్చళ్ళ సూట్‌కేసు తూచుకునే చేతి కాటా ఉంది చూశారూ, దాంతో గడ్డీ, బార్లీ వారం రోజులు తూచాం. ఎనిమిది కిలోలకు తగ్గలేదు. గుర్రం మిగల్చకుండా తింటోంది కూడా. దాంతో అన్న మీది నింద అక్కడికక్కడే వీగిపోవాలి. కానీ యజమానికి కావలసింది గుర్రం, నా లెక్కలు కాదు.

దొరికిన మొదటి బగ్

సూడాన్ నుంచి వచ్చిన పశువైద్యుడు ఒకాయన చూడటానికి ఒప్పుకున్నారు. ఆయన పద్ధతి నాకు తెగ నచ్చింది. చవకైన పరీక్షలు ముందు, ఖరీదైనవి తర్వాత. మొదట పళ్ళు. గుర్రం పళ్ళు జీవితమంతా కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు మొనదేలి బుగ్గల్ని కోస్తాయి, నమలలేక గడ్డిని ముద్దలుగా ఉమ్మేస్తుంది. ఇక్కడ ఆ బాధ లేదు. తర్వాత పేడలో నులిపురుగుల గుడ్లు. లెక్క పెద్దగా లేదు.

మూడోది ఇసుక. పేడని నీళ్ళలో కలిపి, ప్లాస్టిక్ గ్లవ్‌లో పోసి వేలాడదీస్తే ఇసుక వేళ్ళలోకి దిగుతుంది. మాకు దిగింది! నేల మీద పరిచిన గడ్డితోపాటు ఇసుకా పొట్టలోకి వెళ్తోందన్న మాట. పేగుల్లో ఇసుక పేరుకుంటే గుర్రం చిక్కిపోవడం మామూలే. మందేమిటో తెలుసా? మన ఇళ్ళలో పెద్దవాళ్ళు రాత్రి పడుకోబోయే ముందు నీళ్ళలో కలుపుకునే ఇసబ్‌గోల్. మేత తొట్టిలోకి మారింది, ఇసబ్‌గోల్ మొదలైంది, నేను గెలిచాననుకున్నాను.

రెండు వారాల తర్వాత టేపు చుడితే 160. అంటే 340 కిలోలు. తొమ్మిది కిలోలు ఇంకా తగ్గింది!

మీకూ అనుభవమే అయ్యుంటుంది. లాగ్‌లో ఒక ఎర్రర్ కనిపిస్తుంది, అది నిజమైన తప్పే, సరిచేస్తాం, టికెట్ మూసేస్తాం. సిస్టమ్ మాత్రం ఎప్పట్లాగే పడిపోతుంది. ఎందుకంటే మనకి దొరికింది ఒక బగ్, మనం వెతుకుతున్న బగ్ కాదు.

క్యాలెండర్ మీద లాగ్

మొదటి రోజే తీసిన రక్తపరీక్షలో రక్తహీనత తప్ప ఏ పరాన్నజీవీ కనబడలేదు. "ఒక్క రోజు రక్తం ఒక్క ఫోటో లాంటిది, నాకు సినిమా కావాలి" అన్నారు డాక్టరు. రోజుకి రెండుసార్లు గుర్రానికి జ్వరం చూడమన్నారు. అన్న గది గోడకి ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్ ఉంది. తిథి, రాహుకాలం పక్కనే పెన్సిలుతో అంకెలు పడటం మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీలు. ఐదు రోజులు అలాగే ఉండి, ఆరో సాయంత్రం 39.8. రెండు రోజుల్లో మళ్ళీ మామూలు. వారం తిరిగేసరికి మళ్ళీ 39.9.

ఆ రాత్రే డాక్టరు వచ్చి రక్తం తీశారు. మైక్రోస్కోపులో నేనూ చూశాను. ఎర్ర కణాల మధ్య వానపాము పిల్లల్లా మెలికలు తిరుగుతూ, వాటిని పక్కకి నెడుతూ ఏవో పోతున్నాయి. ట్రిపనోసోమా ఇవాన్సీ. జబ్బు పేరు సర్రా.

దీని కథ మన ఉపఖండంలోనే మొదలైంది. 1880లో అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, గుర్రాలూ ఒంటెలూ ఇలాగే చిక్కి చచ్చిపోతుంటే, గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు వాటి రక్తంలో ఈ జీవిని కనిపెట్టాడు. అది జబ్బుకి కారణమంటే పైవాళ్ళు నమ్మలేదు. ఆ రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువులకి ఎక్కించి, వాటికీ జబ్బు రావడం చూపించాడు. మన భాషలో చెప్పాలంటే బగ్‌ని రీప్రొడ్యూస్ చేశాడు!

ఇది ఒక పట్టాన ఎందుకు దొరకదంటే, ఒంటి మీది ప్రోటీన్ కోటు మారుస్తూ ఉంటుంది. శరీరం ఒక కోటుని గుర్తుపట్టి చంపేలోపు ఇంకో కోటు వేసుకున్నవి పెరుగుతాయి. సంతకం మార్చుకుంటూ యాంటీవైరస్‌ని ఏడిపించే వైరస్ లాగానే. పెరిగినప్పుడు జ్వరం, తగ్గినప్పుడు పరీక్షకి అందదు. ఒక జంతువు నుంచి ఇంకోదానికి మోసేది జోరీగ. దాని ఒంట్లో ఈ జీవి పెరగదు. మూతికంటిన రక్తమే, ఉత్త కాపీ పేస్టు. ఒంటెల దొడ్డి గుర్రపుశాలకి ఇరవై గజాలే. వాటికీ పరీక్ష చేయిస్తే రెండింటిలో బయటపడింది.

జబ్బు పేరు వినగానే అన్న తలెత్తాడు.

"బర్లకు వస్తది సారూ గిది. మా ఊర్ల సర్ర అనే అంటరు. ఈగలు కుడితె వస్తది."

"మరి ముందే చెప్పలేదేం అన్నా?"

"నన్నెవ్వరు అడిగిన్రు సారూ?"

జవాబు చెప్పలేకపోయాను. ఆయన దాణా తూచాను, ఆయన చేత అంకెలు వేయించాను. పదిహేనేళ్ళుగా పశువుల మధ్య బతికిన మనిషిని, నీకేమనిపిస్తోందని ఒక్క మాట అడగలేదు. దొంగ కాదని నిరూపించే హడావుడిలో నేనూ ఆయన్ని ముద్దాయిగానే చూశాను.

డాక్టరు క్వినాపైరమిన్ సూది వేశారు. జబ్బున్న ఒంటెలకీ మందు పడింది. ఈగల కోసం వలలు కట్టారు. ఇది తిరగబెట్టే జబ్బు కాబట్టి క్యాలెండర్ మీద అంకెలు ఆపలేదు. మూడు నెలలకి చుట్టుకొలత 168కి వచ్చింది, అంటే 375 కిలోలు. యజమాని క్షమాపణ చెప్పలేదు గానీ, ఒకరోజు నేనుండగానే వచ్చి క్యాలెండర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ అన్న భుజం తట్టాడు.

ఇప్పుడు ప్రొడక్షన్‌లో ఏదైనా విరిగిందని ఫోనొస్తే, లాగ్ తెరిచే ముందు రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్ని ఒక ప్రశ్న అడుగుతున్నాను. "నువ్వేం చేశావు?" అని కాదు, "నువ్వేం చూశావు?" అని.