హృదయావరణంలో ద్రవపీడనం: పాడిపశువుల గుండె పనితీరుపై నాడీ వ్యవస్థ ప్రభావం

కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పాడిపశువులు కొబ్బరితోటల నీడలో, ఇంటి పెరడులో పెరుగుతాయి. వరిగడ్డి, తవుడు, పచ్చిమేత వాటి ప్రధాన ఆహారం. పశువు మేతను నాలుకతో చుట్టి లోనికి లాగుకొని, సరిగా నమలకుండానే మింగి, తరువాత నెమరు వేస్తుంది. అందువలన గడ్డిలో కలిసిన తీగముక్క, మేకు, సూది వంటివి గుర్తింపునకు రాకుండా లోపలికి పోతాయి. బరువైన ఈ లోహపు వస్తువులు తేనెపట్టు వంటి గదులున్న రెటిక్యులంలో చేరుతాయి. దానికి ముందు ఉదరవితానం, ఆ వెనువెంటనే హృదయావరణం ఉన్నాయి. రెటిక్యులం సంకోచించినప్పుడు, చూడి చివరి నెలల్లో గర్భాశయం ముందుకు నెట్టినప్పుడు, ఈనే సమయంలో ముక్కినప్పుడు మొనదేలిన తీగ ఈ కొద్దిపాటి దూరాన్ని దాటగలదు. దానితోపాటు సూక్ష్మజీవులు చేరి, హృదయావరణం వాచి, చీముతో కూడిన ద్రవం నిండుతుంది.

హృదయావరణపు బయటి పొర త్వరగా సాగదు. ద్రవం వేగంగా చేరితే కొద్ది పరిమాణానికే లోపలి పీడనం పెరుగుతుంది. నెమ్మదిగా చేరితే పొర క్రమంగా సాగి, పెద్ద పశువులలో కొన్ని లీటర్ల వరకు ఇముడుతుంది. పీడనం పెరిగినప్పుడు ముందుగా నలిగేవి పలుచని గోడలు గల కుడి కర్ణిక, కుడి జఠరిక. గుండె సంకోచశక్తి అప్పటికి తగ్గకపోవచ్చు; అది వ్యాకోచ దశలో నిండలేకపోవడమే అసలు లోపం. నిండని గుండె ఎంత బలంగా కొట్టుకున్నా బయటకు పంపగలిగిన రక్తం స్వల్పమే.

ఈ లోటును మొదట పసిగట్టేవి గ్రీవాధమని మొదలు, మహాధమని చాపం గోడలలోని పీడన గ్రాహకాలు. ధమనీ గోడ తక్కువగా సాగినప్పుడు వాటి నుండి మజ్జాముఖానికి చేరే ప్రచోదనాలు తగ్గుతాయి. ప్రతిస్పందనగా వేగస్ నాడి నిగ్రహం సడలి, సహానుభూత నాడుల క్రియాశీలత పెరుగుతుంది. అధివృక్క గ్రంథుల దవ్వ నుండి ఎడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికి, జీర్ణాంగాలకు పోయే సూక్ష్మధమనులు కుదించుకుంటాయి. సిరలు బిగిసి గుండెకు తిరిగి వచ్చే రక్తపు పీడనం హెచ్చుతుంది. వీటిలో చివరిది పాఠ్యాంశాలలో తక్కువగా ప్రస్తావనకు వస్తుంది గాని, ప్రాణాన్ని నిలిపేది ప్రధానంగా అదే. సిరల పీడనం హృదయావరణ పీడనాన్ని మించితేనే కుడి కర్ణిక నిండగలదు.

ఒక లెక్కతో దీనిని గ్రహించవచ్చు. ఒక్కొక్క స్పందనకు వెలువడే రక్తం మూడింట ఒక వంతు తగ్గితే, గుండె వేగం నిమిషానికి 60 నుండి 90కి పెరిగినప్పుడు మొత్తం ప్రసరణ మారదు. సగానికి తగ్గితే 120 కావాలి. అయితే వేగం పెరిగిన కొద్దీ వ్యాకోచ కాలం కుదించుకుపోతుంది గనుక నిండే అవకాశం ఇంకా తగ్గుతుంది. సర్దుబాటుకు హద్దు ఇక్కడే ఉంది. నొప్పి, జ్వరం కూడా గుండె వేగాన్ని పెంచుతాయి కనుక వేగాన్ని ఒక్కదానినే చూసి ద్రవపీడనాన్ని నిర్ధారించరాదు.

మూత్రపిండాలు కూడా ఈ సర్దుబాటులో భాగస్వాములే. సహానుభూత నాడుల ప్రేరణతో రెనిన్ విడుదలై, సోడియం, నీరు శరీరంలో నిలిచిపోతాయి. సాధారణ గుండె వైఫల్యంలో సాగిన కర్ణికలు నీటిని బయటకు పంపే హార్మోనును స్రవిస్తాయి. ఇక్కడ కర్ణికలు నొక్కుకుపోయి సాగలేవు గనుక ఆ ఎదురుచర్య బలహీనంగా ఉంటుంది. ఉబ్బిన మెడ సిర, దవడ కింద, ముందుకాళ్ల నడుమ రొమ్ము వద్ద వాపు, స్టెతస్కోపులో దూరంగా లేదా నీటి గలగలతో వినిపించే గుండె శబ్దాలు, మోచేతులు ఎడంగా పెట్టి నిలబడటం అప్పటి లక్షణాలు.

చికిత్సలో పొరపాట్లు జరిగేది ఈ దశలోనే. వాపును చూసి ఫ్రూసెమైడ్ ఎక్కించితే, కర్ణికను నింపుతున్న సిరల పీడనమే పడిపోవచ్చు. పరీక్షకు పశువును లొంగదీయడానికి జైలజీన్ ఇస్తే సహానుభూత నాడుల చర్య అణగి, గుండె వేగం తగ్గుతుంది. పశువు నిలుపుకొంటున్న ఒకే ఆధారం పోతుంది. నెమరువేసే పశువులు ఈ మందుకు ఎంతో సున్నితమైనవి కూడా.

అదే రెటిక్యులంలో ఉన్న తీగ మరొక విధంగానూ ప్రవర్తించవచ్చు. వేగస్ నాడి శాఖలకు హాని లేదా రాపిడి కలిగితే కడుపు ఉబ్బి, గుండె వేగం పెరగడానికి బదులు తగ్గుతుంది. అట్రోపిన్ ఇచ్చినప్పుడు వేగం పెరిగితే ఆ మందగమనం వేగస్ వల్లనేనని తెలుస్తుంది. ద్రవపీడనంలో అంతవరకు వేగంగా కొట్టుకున్న గుండె ఒక్కసారిగా నెమ్మదిస్తే దాని అర్థం వేరు: సర్దుబాటు చేతులెత్తేసింది. పశువు కుదుటపడిందని యజమాని భావించే ఆ గడియలలోనే కూలిపోవడం సంభవిస్తుంది.

ఎడమవైపు అయిదవ ప్రక్కటెముకల సందున సూదితో ద్రవాన్ని తీస్తే పీడనం తగ్గి ఉపశమనం కలుగుతుంది. కాని తీగ, చీము మిగిలి ఉన్నంతవరకు ద్రవం మరల చేరుతుంది. ఈ దశలో కోలుకునే పశువులు తక్కువ. తీగ హృదయావరణాన్ని చేరకముందు, అంటే మేత తగ్గి, పాలు అకస్మాత్తుగా పడిపోయి, వీపు వంచి నిలబడినప్పుడే గుర్తించి రుమెన్‌ను తెరచి తీయించడం మేలు. పెయ్యలకు ఏడాది వయస్సు దాటిన తరువాత నోటి ద్వారా మింగించే అయస్కాంతం రెటిక్యులంలోనే ఉండి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. రాగి, అల్యూమినియం తీగలను మాత్రం పట్టదు. పాక మరమ్మతులు, కంచె పనులు ముగిసిన నాడు గడ్డిమేటు చుట్టుపక్కల నేలను ఒకసారి వెతికి చూడమని రైతుకు చెప్పవలసింది ఇందుకే.