రెండు గిన్నెల పొంగు

శనివారం రాత్రి మా వంటింటి గట్టు మీద రెండు గిన్నెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో మర్నాటి ఇడ్లీపిండి. రెండోదాంట్లో మైదా, నీళ్లు, ఉప్పు, చిటికెడు ఈస్టు కలిపిన ముద్ద. తెల్లవారేసరికి రెండూ మూతలదాకా లేచి ఉంటాయి. ఇడ్లీపిండి పొంగితే మా పిల్లలు కన్నెత్తి చూడరు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. బ్రెడ్డు పిండి పొంగితే మాత్రం మూత తీసి, వేలితో నొక్కి, ఆ గుంట మెల్లగా పైకి రావడం చూసి మళ్లీ నొక్కుతారు.

ఇంట్లో బ్రెడ్డు చేసుకోవడం మన చేతికి అలవాటు లేని విద్య అనుకుని నేను చాలాకాలం దూరంగా ఉన్నాను. మొదలుపెట్టాక తెలిసింది, అందులో సగం ఇడ్లీపిండి దగ్గరా, మిగతా సగం దిబ్బరొట్టె దగ్గరా మనం ఎప్పుడో నేర్చేసుకున్నామని.

ముందు పొంగు సంగతి. ఈస్టు ఒకే కణం ఉన్న జీవి. పుట్టగొడుగులకూ బూజుకూ చుట్టం. తడి తగలగానే పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని విరిచి చక్కెరలుగా మారుస్తాయి. ఈస్టు ఆ చక్కెరను తిని కార్బన్ డయాక్సైడునూ, ఆల్కహాలునూ వదులుతుంది. ఇడ్లీపిండిలో ఈ పని ముఖ్యంగా బ్యాక్టీరియా చేస్తాయి. వాటిలో పెద్దపీట ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనేదానిది. అది గ్యాసుతోపాటు లాక్టిక్ ఆమ్లాన్ని కూడా తయారుచేస్తుంది కాబట్టి మన పిండికి పొంగుతోపాటు పులుపూ వస్తుంది. "చేత్తో కలుపమ్మా, అప్పుడే పొంగుతుంది" అనేది మా అమ్మమ్మ. నిజానికి ఆ బ్యాక్టీరియా ప్రధానంగా వచ్చేది చేతినుంచి కాదు, మినపప్పు మీదినుంచే. ఎవరూ తెచ్చి వేయనక్కర్లేదు, పప్పుతోపాటే ఇంటికి వస్తాయి.

ఈస్టు కణాలను 1680లోనే డచ్చి దేశస్థుడు లీవెన్‌హుక్ తన భూతద్దం కింద చూశాడు. అవి ప్రాణమున్నవని అప్పుడు ఎవరికీ తట్టలేదు. 1837 ప్రాంతంలో జర్మనీలో ష్వాన్, ఫ్రాన్సులో కన్యార్ ద లా తూర్ ఆ మాట అన్నారు. పెద్ద రసాయన శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. 1857నుంచి లూయీ పాశ్చర్ వరసగా చేసిన ప్రయోగాలతో గానీ పులియడమంటే ప్రాణులు బతకడమేనన్న సంగతి స్థిరపడలేదు. వేల ఏళ్లుగా ఈ ప్రాణులను పెంచి పోషించినవాళ్లకు అవి ఉన్నాయనే తెలియదు! మన తాటికల్లును పులియబెట్టేదీ ముఖ్యంగా ఈ ఈస్టే. గోవాకు వచ్చిన పోర్చుగీసులకు తమ దేశపు ఈస్టు దొరక్కపోతే, పిండిని కల్లుతోనే పొంగించారు. ఆ రొట్టెకు వాళ్ల భాషలో ఉన్న మాటే మన నోటికి పావ్‌భాజీలోని పావ్‌గా మిగిలింది.

గ్యాసు పుట్టడం ఒక్కటే చాలదు. దాన్ని పట్టి ఉంచే వల కావాలి. నా మటుకు నాకు బ్రెడ్డులో అన్నింటికన్నా అందమైన విషయం ఈ వలే. దాన్ని కళ్లారా చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. చపాతీపిండి ముద్ద ఒకటి నిమ్మకాయంత తీసుకుని, అరగంట నాననిచ్చి, గిన్నెడు నీళ్లలో మెల్లగా పిసకండి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. పారబోసి మళ్లీ పట్టండి. నాలుగైదుసార్లకు నీళ్లు తేరుకుంటాయి. చేతిలో రబ్బరులాంటి బూడిదరంగు జిగురు ముద్ద మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యాలో బెక్కారి అనే ఆచార్యుడు సరిగ్గా ఇలాగే పిండిని కడిగి చూసిన సంగతి 1745లో అచ్చయింది. మాంసంలో ఉండే పదార్థంలాంటిది ధాన్యంలోనూ ఉందని తెలిసి ఆనాటి పండితులు ఆశ్చర్యపోయారు.

గ్లూటెన్‌లో రెండు రకాల ప్రొటీన్లున్నాయి. గ్లయడిన్ సాగే గుణం ఇస్తుంది, గ్లూటెనిన్ వెనక్కి ముడుచుకునే బిగువు ఇస్తుంది. రెండూ పొడిపిండిలో విడివిడిగా నిద్రపోతుంటాయి. నీళ్లు తగిలాక ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈస్టు వదిలిన గ్యాసు ఆ పొరల మధ్య బుడగలుగా చిక్కుకుని ముద్దను పైకి లేపుతుంది. ఉప్పు వేస్తే ఆ వల ఇంకా బిగుస్తుంది, ఈస్టు వేగమూ కాస్త తగ్గుతుంది. ఉప్పు మరిచిపోయిన బ్రెడ్డు చప్పగా ఉండటమే కాదు, పిండి చేతికంటుకుని జారిపోతుంది కూడా.

మరి బియ్యంలో గ్లూటెన్ లేదు, మినుముల్లోనూ లేదు. ఇడ్లీ ఎలా పొంగుతోంది? మినపప్పు రుబ్బినప్పుడు చేతికి తగిలే ఆ జిగట ఉంది చూశారూ, కిటుకు అక్కడుంది. అందులోని గ్లోబ్యులిన్ ప్రొటీన్లు బుడగ చుట్టూ పొరగా ఏర్పడతాయి. అరాబినోగెలాక్టాన్ అనే జిగురు పదార్థం ఆ బుడగ చిట్లకుండా ఆసరా ఇస్తుంది. గోధుమ వల తాళ్లతో అల్లింది, మినుము వల సబ్బునురగలాంటిది. అందుకే పొంగిన బ్రెడ్డు పిండిని మడిచి, గుండ్రంగా చుట్టి, మళ్లీ పొంగనివ్వచ్చు. పొంగిన ఇడ్లీపిండిలో గరిటె పెట్టి తిప్పితే మాత్రం అంతా కూలిపోతుంది. "పైపైన తియ్యి, కలియతిప్పకు" అని పెద్దవాళ్లు చెప్పేది ఆ నురగ నిలబడటానికే.

బ్రెడ్డుకు పిండిని చేతులు నొప్పి పుట్టేలా పిసకాలని చాలామంది భయపడతారు. పిసికితే వల త్వరగా అల్లుకుంటుంది, నిజమే. పిసక్కపోయినా అల్లుకుంటుంది, కాకపోతే సమయం ఇవ్వాలి. న్యూయార్కులో బేకరీ నడిపే జిమ్ లేహీ పద్ధతిని 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో మార్క్ బిట్‌మన్ రాశాక ప్రపంచమంతటా ఎందరో ఇళ్లలో బ్రెడ్డు మొదలుపెట్టారు. పావుచెంచా ఈస్టు, ఎక్కువ నీళ్లు, 12నుంచి 18 గంటల ఓపిక, అంతే. నేను వాడే కొలత అరకిలో మైదాకు 350 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, పావుచెంచా ఈస్టు. గరిటెతో కలిపి మూతపెట్టడమే. మొదటిసారి ఈస్టును బాగా వేడినీళ్లలో కలిపాను. పిండి కదల్లేదు, బ్రెడ్డు ఇటుకలా వచ్చింది. 60 డిగ్రీల దగ్గర ఈస్టు బతకదు. పాలు తోడుపెట్టేటప్పుడు వేలు పెట్టి చూసే గోరువెచ్చదనమే ఇక్కడా కొలత.

అమెరికా గడియారం మాత్రం మన ఎండలకు పనికిరాదు. ఉష్ణోగ్రత పదేసి డిగ్రీలు పెరిగినకొద్దీ, ఒక హద్దుదాకా, పులిసే వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో ఆ ముద్దను 18 గంటలు ఉంచితే పులిసి నీరుగారిపోతుంది. ఇడ్లీపిండి వేసవిలో ఆరు గంటలకే అందివస్తుందనీ, డిసెంబరులో పన్నెండు దాటినా బద్ధకిస్తుందనీ తెలిసిన ఇల్లాలికి ఇది వేరే చెప్పాలా? వేసవిలో రెండు గంటలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. చల్లటిచోట నింపాదిగా పులిసిన పిండికి రుచి ఎక్కువ.

గోధుమపిండితో చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. తిరగలి పట్టిన పిండిలోని పొట్టు ముక్కలు గ్లూటెన్ పొరలను కోసేస్తాయి. రాళ్ల మధ్య నలిగిన పిండిరేణువులు నీళ్లను ఎక్కువ తాగుతాయి. సగం మైదా, సగం గోధుమపిండి కలిపి, నీళ్లు ఇంకొంచెం పోస్తే సరిపోతుంది.

ఇక దిబ్బరొట్టె. మందపాటి ఇనప మూకుడులో నూనె వేసి, మినపపిండీ రవ్వా కలిపిన పిండిని దళసరిగా పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద వదిలేస్తాం. అడుగున ఎర్రటి కరకరలాడే పెచ్చు, లోపల దూదిలాంటి మెత్తదనం. గోదావరి జిల్లాల్లో దాన్ని చెరకుపానకంలో నంజుకుని తినేవాళ్లను అడిగితే తెలుస్తుంది దాని సంగతి. లేహీ చెప్పిన రెండో కిటుకు ఇదే, బరువైన పాత్ర, దానికి బిగువైన మూత. మూత కింద పిండిలోని తడే ఆవిరై, పైపొర తొందరగా గట్టిపడకుండా చూస్తుంది. ఆ వ్యవధిలో లోపలి గ్యాసు వేడికి ఉబ్బి రొట్టెను ఇంకా పైకి లేపుతుంది. చివర మూత తీస్తే పైపొర ఆరి ఎర్రబడుతుంది. నేను ఓవెన్‌ను 230 డిగ్రీలకు వేడిచేసి, మూతతో అరగంట, మూత లేకుండా పావుగంట ఉంచుతాను.

లోపల జరిగేది చూడగలిగితే బాగుండునని ఎప్పుడూ అనుకుంటాను. మొదటి నిమిషాల్లో ఈస్టు వేడికి జోరందుకుని, 60 డిగ్రీలు చేరేలోపు చనిపోతుంది. ఆ వేడిమి దాటుతుండగా పిండిరేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి. ఆల్కహాలు ఆవిరైపోతుంది. ప్రొటీన్ వల గట్టిపడి, బుడగలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. తడి ఉన్నంతసేపూ రొట్టె నడుమ వేడి 100 డిగ్రీలు దాటదు, అందుకే అక్కడ తెల్లగా ఉంటుంది. పైపొరలో తడి ఆరిపోయి 140 డిగ్రీలు దాటాక ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలూ, చక్కెరలూ కలిసి వందలకొద్దీ కొత్త పదార్థాలవుతాయి. రంగూ రుచీ వాసనా వాటివే. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయ్యార్ 1912లో మొదట వివరించాడు కాబట్టి దీన్ని మయ్యార్ చర్య అంటారు. ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది. ఆ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది కనుక ఇడ్లీ ఎప్పటికీ ఎర్రబడదు. ఒక్కమాటలో ఇడ్లీ పెచ్చులేని బ్రెడ్డు. పెచ్చుతో సహా కావాలనుకున్నవాళ్లు దిబ్బరొట్టె కనిపెట్టారు.

మూత తీసిన క్షణాన ఇల్లంతా అలుముకునే వాసనలో నాకు బాగా తెలిసినదేదో ఉన్నట్టు ఎప్పుడూ అనిపించేది. ఏమిటో చాలాకాలం అంతుపట్టలేదు. చివరికి రసాయనశాస్త్రం చెప్పింది. అది బాస్మతి అన్నం వాసన! గోధుమ రొట్టె పెచ్చులోనూ, బాస్మతిలోనూ ఘుమఘుమలాడేది ముఖ్యంగా ఒకే అణువు, 2-అసిటైల్-1-పైరోలీన్. సువాసన బియ్యంలో దాన్ని అమెరికాలో బటరీ బృందం 1980ల మొదట్లో గుర్తించింది. కొద్దికాలానికే జర్మనీలో షీబెర్లే, గ్రోష్ రొట్టె పెచ్చులో పట్టుకున్నారు. మొక్కజొన్న పేలాల్లోనూ ఉంది. బాస్మతి మొక్క దాన్ని చేలో ఉండగానే తయారుచేసుకుంటుంది. రొట్టె నిప్పు తగిలాక తయారుచేసుకుంటుంది. వెయ్యి కోట్ల పాళ్ల నీళ్లలో ఒక్క పాలున్నా మన ముక్కు పసిగడుతుంది.

వాసనకు మెదడులో ఒక దగ్గరిదారి ఉంది. చూపూ వినికిడీ థాలమస్ అనే కూడలి మీదుగా వెళతాయి. వాసన ఆ కూడలిలో ఆగకుండా భావోద్వేగాలూ జ్ఞాపకాలూ ఉండే చోట్లకు నేరుగా చేరుతుంది. జ్వరం తగ్గిన రోజు చారుపోపు వాసనకే ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. ముద్దపప్పూ నెయ్యీ కలిపిన అన్నం, కాస్త పలుచటి మజ్జిగపులుసు, ఇలా ప్రతి ఇంటికీ ఒకటుంటుంది, ఏ దిగులొచ్చినా మనసు దానిమీదికి పోతుంది.

అలాంటి తిండి నిజంగా దిగులు తీరుస్తుందా? 2014లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు కొందరికి బాధ కలిగించే సినిమా ముక్కలు చూపించి, కొన్నిసార్లు వాళ్లకు ఇష్టమైన ఊరటనిచ్చే తిండి పెట్టారు, కొన్నిసార్లు వేరేది పెట్టారు, కొన్నిసార్లు ఏమీ పెట్టలేదు. అన్ని సందర్భాల్లోనూ కాసేపటికి మనసు ఒకేలా తేరుకుంది. అంటే ఆ తిండిలో ప్రత్యేకమైన మందేమీ లేదు. అంతకుముందు 2011లో ట్రాయిసీ, గేబ్రియెల్ ఇంకో కోణంలో చూశారు. కోడిసూపు తమకు ఊరటనిస్తుందనుకునేవాళ్లు దాన్ని తాగాక, వాళ్ల మనసులో అనుబంధాలకు సంబంధించిన మాటలు తేలిగ్గా మెదిలాయి. ఈ రెండు ఫలితాలకూ పొత్తు కుదరదని నేననుకోను. చారు దిగులు తీర్చకపోవచ్చు. అది పెట్టిన మనిషిని తెచ్చి పక్కన కూర్చోబెడుతుంది. మా పిల్లలకు రేపు ఆ మనిషిని గుర్తుచేసేది చారైనా, బ్రెడ్డు పెచ్చైనా నాకు సంతోషమే.

ఓవెన్‌లోంచి తీసిన బ్రెడ్డును వెంటనే కోయకూడదు, గంటైనా ఆగాలి. లోపల పిండిరేణువులు ఇంకా మెత్తటి జిగురుగానే ఉంటాయి. అప్పుడే కోస్తే కత్తికి అంటుకుని ముద్దైపోతుంది. ఈ గంటే అన్నింటికన్నా కష్టం. చల్లారుతున్నకొద్దీ పెచ్చు చిన్నచిన్న పగుళ్లిచ్చి చిటపటమంటుంది. పిల్లలు చెవి దగ్గరగా పెట్టి వింటారు. ఆలోగా ఇడ్లీలు ఒక వాయి అయిపోతుంది.

మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. బ్రెడ్డు గట్టిపడేది తడి ఆరిపోయి మాత్రమే కాదని ఫ్రెంచి శాస్త్రవేత్త బూసాంగో 1852లోనే చూపించాడు. తడి పోకుండా మూసి ఉంచినా అది గట్టిపడింది, మళ్లీ వేడిచేస్తే మెత్తబడింది. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థపు గొలుసులు చల్లారాక తిరిగి వరస కట్టడమే దానికి కారణం. ఫ్రిజ్ చలిలో ఆ వరస ఇంకా త్వరగా కుదురుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం రవ్వరవ్వగా గట్టిపడేదీ అందుకే. గుడ్డలో చుట్టి బయట ఉంచితే రెండు రోజులు బాగుంటుంది. ఎక్కువ రోజులైతే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, పెనం మీద వేడిచేసుకోవచ్చు.

సోమవారం పొద్దున అడుగున మిగిలిన ఇడ్లీపిండిలో కాసిని నీళ్లు పోసి అట్లు వేస్తాను. ఎండిన బ్రెడ్డు ముక్కలుంటే ఆవాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో వేయించి, పైన నిమ్మకాయ పిండి టిఫిన్ డబ్బాలో సర్దుతాను. రెండు గిన్నెలూ కడిగి బోర్లిస్తాను.