కోటలోని దేవాలయము

మన మార్కాపురమునుండి దోర్నాల మీదుగా శ్రీశైలమునకు పోయినవారు అచ్చటి ఆలయము చుట్టును గల శిలాప్రాకారమును జూచి "ఇది గుడియా, కోటయా?" యని యాశ్చర్యపడియుందురు. భగవంతుని మందిరమునకు కోటగోడ యేల? పూర్వకాలమున అనేక గ్రామములలో దృఢమైన కట్టడము దేవాలయమే యగుటచేత, అపాయము వచ్చినపుడు జనులు దానియందే తలదాచుకొనెడివారు. ఈ యవసరము మన దేశమునకే పరిమితము గాదు. రుమేనియా దేశములోని ప్రేజ్మెర్ గ్రామస్థులు తురుష్కుల దండయాత్రలకు వెఱచి, 15వ శతాబ్దమున తమ క్రైస్తవ దేవాలయము చుట్టును సుమారు 40 అడుగుల యెత్తుగల గోడను లేపి, దాని లోవైపున తమ కుటుంబములకును ధాన్యమునకును 270కి పైగా గదులు గట్టుకొనిరి.

ఇంత ప్రాచీనము గాకపోయినను, కోటవలె గట్టబడిన క్రైస్తవ దేవాలయము చెన్నపట్టణమున నొకటి గలదు. మన తాలూకాలు 1953 వఱకు మద్రాసు ప్రభుత్వము క్రిందనే యుండెను గదా. ఆ పట్టణపు నేల 1639లో తెలుగు నాయకుడగు దామెర్ల వేంకటాద్రి యింగ్లీషు కంపెనీవారి కొసగినదే. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే దానికి చెన్నపట్టణమను నామము గలిగెను. అచ్చట కంపెనీవారు గట్టిన సెంటు జార్జి కోటలో సెంటు మేరీ దేవాలయ మున్నది.

ఈ దేవాలయమునకు 1678 మార్చి 25వ తేదీన, అనగా దేవదూత కన్య మరియకు శుభవార్త దెల్పిన పండుగనాడు, పని ప్రారంభమైనందున ఆమె పేరు పెట్టిరి. గవర్నరగు స్ట్రెయిన్‌షామ్ మాస్టరు పూనికతో కోటలోని యుద్యోగులు చందాలు వేసికొని దీనిని గట్టించిరి. 1680 అక్టోబరు 28న ఇది ప్రతిష్ఠింపబడెను.

దీని నిర్మాణము గమనింపదగినది. వెలుపలి గోడల మందము నాలుగడుగులు. పైకప్పు ఇటుకలతోను సున్నముతోను గట్టిన మూడు పొడవైన కమానులు. వాని మందము రెండడుగులు. కమానులోని యిటుకలు ఒకదాని నొకటి యదిమిపట్టుకొని, తమ బరువును ప్రక్క గోడలమీదికి నెట్టును. కావుననే గోడలు లావుగా నుండవలెను. కప్పులో దూలములు గాని వాసములు గాని లేనందున నిప్పంటుకొను భయము లేదు. ఫిరంగిగుండ్లకు తట్టుకొనునట్లు బుద్ధిపూర్వకముగా జేసిన యేర్పాటిది.

అట్టి పరీక్ష రానే వచ్చెను. 1746లో ఫ్రెంచివారు కోటను బట్టుకొని, సంధి ననుసరించి 1749లో తిరిగి యిచ్చివేసిరి. 1758 డిసెంబరులో వారి సేనాని లాలీ మరల ముట్టడించి, 1759 ఫిబ్రవరివఱకు గుండ్ల వర్షము గురిపించెను. దేవాలయము నిలిచెను. అయితే యిచ్చట నొక విచిత్రము గలదు. గోడల దృఢత్వమే ఆరాధనకు విఘ్నమయ్యెను. యుద్ధకాలమున ఇంత సురక్షితమైన స్థలము వేఱొకటి లేనందున, దీనినే సైనికులకు బసగాను ధాన్యపు కొట్టుగాను వాడుకొనిరి. గోడలు కట్టడమును గాపాడెను గాని ప్రార్థనను గాపాడలేకపోయెను. శాంతి వచ్చిన పిదపనే మరల కీర్తనలు వినబడెను.

ఈ దేవాలయములో శిల్పి బేకను మలచిన ష్వార్ట్జ్ అను మిషనరీ స్మారకశిల్పము గలదు. 1798లో తంజావూరున మృతినొందిన ఈ జర్మను బోధకుని కంపెనీవారు 1779లో హైదరాలీయొద్దకు రాయబారిగా బంపిరి. హైదరాలీ యతని మాట నమ్మెను. మఱుసటి సంవత్సరము ఆ నవాబు కర్ణాటకముపై దండెత్తినపుడు సైతము ష్వార్ట్జ్‌ను అడ్డగింపవలదని తన సేనల కాజ్ఞాపించెను. నాలుగడుగుల గోడలు గాని ఆయుధములు గాని లేక, కేవలము సత్యసంధతచేతనే యతడు శత్రుసేనల నడుమ నిర్భయముగా సంచరించెను.

విద్యార్థులారా, నేటికిని ఆరాధన జరుగుచున్న ఈ దేవాలయమును చెన్నపట్టణమునకు బోయినపుడు తప్పక చూడుడు. ఆ గోడల లావును కొలిచి, కట్టినవారి నేర్పును మెచ్చుకొనుడు. పిమ్మట ఆ స్మారకశిల్పమునెదుట నొక నిమిషము నిలువుడు. మనుష్యుని గాపాడు గోడలు రెండు విధములని యచ్చట తెలియగలదు.